పాత కాయితం

మా మామ సంచిలో ఎప్పుడూ ఒక పేపరు ముక్క ఉంటుంది. రేషన్ కార్డు తెమ్మంటే దానితోపాటు అదీ వస్తుంది. బ్యాంకు పాసుబుక్కు తీస్తే మడతలోంచి అదీ జారుతుంది. అక్టోబరు 2009 నాటిది. తుంగభద్ర పొంగి ఇటు రాజోలినీ, అటు కర్నూలునూ ముంచేసిన రోజులు. ఫొటోలో బురదలో సగం కూరుకుపోయిన గుంతమగ్గం, పక్కన తలకు తువ్వాల చుట్టుకుని మామ, కింద పది లైన్ల వార్త. నష్టం రాసుకోవడానికి వచ్చినాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పేపర్ కటింగులు రుజువు కావు పెద్దాయనా" అని తిరిగి చేతిలో పెట్టాడట. మగ్గాన్నేమో ఏరు తీసుకుపోయింది. ఇంక వేరే రుజువు యాడిది?

రాజోలిలో నాకొక చిన్న జిరాక్సు షాపు ఉంది. పహాణీ నకళ్లు, ఆధార్ జిరాక్సులు, పెండ్లి పత్రికల డీటీపీ. పేటెంటు అనే మాట నా షాపులోకి తెచ్చింది మాత్రం మామే. 2017లో నేతగాళ్ల కోసం ఆసు యంత్రం చేసిన చింతకింది మల్లేశం గారికి పద్మశ్రీ వచ్చినప్పుడు, "ఆయప్పది ఆలేరు, మనది రాజోలి. అంతే గదా తేడా" అన్నాడు.

మామ చేసింది చిన్నదే. గద్వాల చీరకు నడుమ నూలు, అంచూ కొంగూ పట్టు. రెండంచులకు రెండు నాడెలు, నడుమకొకటి. అంచు పోగును నడుమ పోగుతో మెలిపెట్టి కలుపుకుంటూ పోవాలి. అవతలి అంచు నాడె అందించడానికి పక్కన ఇంకో మనిషి కూర్చోవాల్సిందే. అత్త మోకాళ్లు పట్టేసి గుంతలోకి దిగలేని రోజు వచ్చింది. మామ రెండు కప్పీలు, ఒక చెక్కముక్క, పాత సైకిలు బ్రేకు తీగ తెచ్చి ఏదో బిగించాడు. కాలితో తొక్కితే తీగ లాగుతుంది, అవతలి నాడె దానంతటదే ఇవతలికి వస్తుంది. పోగు తెగితే ఆగిపోతుంది కూడా. అదెట్లాగని అడిగితే నవ్వుతాడు.

2019 మార్చిలో తాత్కాలిక దరఖాస్తు చెన్నై పేటెంటు ఆఫీసుకు పోస్టులో పంపాం. మనిషి సొంత పేరు మీద వేస్తే ఆన్‌లైన్లో 1,600, కాగితాల మీద 1,750. డిజిటల్ సంతకం లేదని 150 ఎక్కువ కట్టాం. అక్కడినుంచి సరిగ్గా 12 నెలల్లో పూర్తి వివరణ పంపాలి. పంపకపోతే దరఖాస్తు వదిలేసుకున్నట్టే. 2020 మార్చి 27కు గడువు తీరుతుంది.

ఏడు పేజీలు టైపు చేసి, బొమ్మలు గీసి, కవరు అంటించి పెట్టాను. 23న, సోమవారం, స్పీడ్ పోస్టు చేద్దామనుకున్నాం. 22న జనతా కర్ఫ్యూ. ఆ సాయంత్రమే రాష్ట్రం మొత్తం బంద్. 25 నుంచి దేశమే బంద్. మామ మాస్కు బదులు తువ్వాల కట్టుకుని, గోడ చాటున నక్కి నక్కి మా ఇంటికి వచ్చాడు. మగ్గం మీద చీర అట్లే ఉంది, కొనేవాడు లేడు, పట్టు రాదు. అవేవీ అడగలేదు.

"ఏమైతాది అల్లుడా, మన తారీఖు?"

నాకూ తెలియదు. వారం తర్వాత ఫోనులో చూసి చెప్పాను. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుని, మార్చి 15 నుంచి దేశంలో గడువులన్నీ ఆపేసింది. పేటెంటు వాళ్లు కూడా నోటీసు పెట్టారు. అమెరికా వాళ్లు మొదట ముప్పై రోజులే ఇచ్చారు. మనవాళ్లది పెద్ద మనసు. 2021 మార్చిలో ఇక చాలన్నారు, రెండో వేవ్ రాగానే ఏప్రిల్లో మళ్లీ ఆపారు, చివరికి 2022 ఫిబ్రవరి 28 దాకా లెక్కలోకే రాదన్నారు. ఆపైన ఇంకో 90 రోజులు.

ఫీజుల్లోనూ కరుణ చూపారు. 2020 నవంబరులో చిన్న సంస్థల ఫీజు తగ్గించి, మామలాంటి ఒంటి మనిషి కట్టేదానికి సమానం చేశారు. అంటే మామకు పైసా తగ్గలేదు. కంపెనీలు దిగొచ్చి ఆయన పక్కన నిలబడ్డాయి, అంతే. గద్వాల చీర లాంటి వాటికి ఉన్న భౌగోళిక గుర్తింపులో పేరు ఎక్కించుకునే ఫీజు మాత్రం 500 నుంచి 10 రూపాయలైంది. ఆ పది నేనే కడతానన్నా. "ముందు ఇది కానీ" అన్నాడు మామ.

2020 జూన్లో పోస్టాఫీసు తెరిచింది. కవరు నా బల్ల మీదే ఉంది. మామ అడిగాడు, పంపుదామా అని.

"తొందరెందుకు మామా, సుప్రీంకోర్టే టైమిచ్చింది. ఇంకొంచెం గట్టిగా రాసి పంపుదాం" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. ఇది గుర్తుపెట్టుకోండి.

ఖాళీగా కూర్చున్నవాడి బుర్ర ఊరుకోదు. దరఖాస్తు ఫారంలో ఒక మాట నన్ను పట్టుకుంది: నిజమైన, తొలి ఆవిష్కర్త. ఇది ఈయన సొంతమేనని చెన్నైలో వాళ్లకు ఎట్లా తెలుస్తుంది? నా చేతుల మీదుగా రోజూ పోయేవి భూమి కాయితాలు. మా దగ్గర న్యాయం ఒకటే. కాయితం ఎంత పాతదైతే హక్కు అంత గట్టిది. 1954-55 ఖాస్రా పహాణీలో తాత పేరుంటే, తహసీల్దారు కూడా కుర్చీ చూపిస్తాడు. మరి మామ దగ్గర పాత కాయితం ఏముంది?

"మామా, ఆ పేపరు ముక్క ఇట్లియ్యి."

మడతలు విప్పి, చిరుగులు అతికించి, లామినేషన్ చేశాను. రంగుల్లో స్కాన్ తీశాను. పది లైన్ల వార్తనూ కూర్చుని ఇంగ్లీషులోకి మార్చాను. మూడు రాత్రులు పట్టింది. ఎనిమిదో పేజీగా ఫొటో, తొమ్మిదో పేజీగా నా తర్జుమా. ఏడు పేజీలు తొమ్మిదయ్యాయి. 2022 మే నెలలో, గడువుకు వారం ముందే పంపాం. తరువాత పరీక్ష కోసం కాగితాల మీదైతే 4,400. ఆ డబ్బు మామ రెండు చీరల కూలిలోంచి తీశాడు.

2023 నవంబరులో పరీక్ష నివేదిక వచ్చింది. షాపులో ఎవరూ లేరు. మామ స్టూలు మీద కూర్చున్నాడు. నేను చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయాను.

"ఏమంటున్నారు?"

"కొత్తది కాదంటున్నారు మామా. దరఖాస్తుకు ముందే లోకానికి తెలిసిపోయిందంట. ఒకసారి పదిమందిలో పడ్డాక పేటెంటు ఇయ్యరంట."

"ఎవరు తెలిపింది? ఎవరో మనకంటే ముందే చేసిండ్రా?"

అడ్డమొచ్చిన పత్రానికి వాళ్లు డీ-1 అని పేరు పెడతారు. డీ-1: దరఖాస్తుదారు తానే జతచేసిన వార్తాపత్రిక కత్తిరింపు, అక్టోబరు 2009. దాని కింద నా ఇంగ్లీషులోంచే మూడు లైన్లు ఎత్తి రాశారు. కాలితో తొక్కితే తీగ లాగుతుంది, కప్పీల మీదుగా అవతలి నాడె ఇవతలికి వస్తుంది, రెండేండ్లుగా ఒక్కడినే నేస్తున్నా, ఊరంతా వచ్చి చూసిపోయింది, అంతా ఏట్లో పోయింది అని ఆ రోజు బురదలో నిలబడి విలేకరికి మామ చెప్పుకున్న గోడు. ఒక్క తప్పు లేకుండా తర్జుమా చేశాను నేను.

అదంతా చదివి వినిపించాను. మామ చాలాసేపు మాట్లాడలేదు.

"గడువు అంత పెంచకపోయింటే?"

"మొదటి కవరే పోయేది మామా. ఏడు పేజీలది."

జవాబివ్వడానికి ఆరు నెలలు టైముంది, కావాలంటే ఇంకో మూడు నెలలు పెంచుకోవచ్చు అని గబగబా చెప్పాను. మామ వినలేదు. లామినేషన్ కాయితం చేతిలోకి తీసుకుని, ఫొటోలోని మగ్గాన్ని బొటనవేలితో తుడిచాడు.

"పోనీలే అల్లుడా. పద్నాలుగేండ్లకు ఒక ఆఫీసన్నా దీన్ని నమ్మింది."