‘ఏ పనుండినా చెప్పండి సార్’ – సటీకా తాత్పర్యం

మూలం

సార్ రేపు ట్రైనింగ్‌కి నేను కూడా వస్తా. ఏ పనుండినా చెప్పండి సార్. చేసిపెడతా.

అవతారిక

కవి ఏడో తరగతి పాసై ఎనిమిదిలోకి పోబోతున్నవాడు. కావ్యరచనకు వాళ్ళమ్మ ఫోను వాడుకున్నాడు. కనుక వాట్సాప్‌లో మూలం పక్కన కనిపించే ముఖం కవిది కాదని పాఠకులు గ్రహించాలి. కాలం ఎండాకాలం, బడులింకా తెరవలేదు. దేశం నెల్లూరు జిల్లా పడమటి కొస, ఆత్మకూరు నుంచి సోమశిలకు పోయే దారిలోని అనంతసాగరం. సోమశిల, రేవూరు, చిలకలమర్రి బళ్ళ అయ్యవార్లు తెల్లారితే అక్కడి హైస్కూల్లో చేరాలి. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఆయన ఏ ట్రైనింగుకూ హాజరైనవాడు కాడు గనుక ఆ ఒట్టు నిలుపుకోగలిగాడు.

ప్రతిపదార్థం

సార్ = ఓ అయ్యవారూ; రేపు = సెలవు దినమని తెలిసిన్నీ; ట్రైనింగ్‌కి = తొమ్మిదిన్నరకని ఉత్తర్వులోనూ, పదిన్నరకని లోకంలోనూ ప్రసిద్ధమైన కార్యక్రమానికి; నేను కూడా = (కింద చూడుడు); వస్తా = పిలవకనే వచ్చెదను; ఏ పనుండినా = బల్లలు జరుపుట మొదలు టీగ్లాసులు ఏరుట వరకు గల సమస్త కార్యజాతము; చెప్పండి = ఆజ్ఞాపించుడు; సార్ = మరల ఓ అయ్యవారూ; చేసిపెడతా = నెరవేర్చెదను.

విశేషాలు

‘కూడా’ అనేది సముచ్చయార్థకం. ఎవరితో కూడా? హాజరయ్యే తక్కినవారంతా ఉత్తర్వు వచ్చి వస్తారు, ఓడీ (ఆన్ డ్యూటీ) వేయించుకుని వస్తారు, రాకపోతే మెమో వస్తుందని వస్తారు. వీడికి ఆ మూడూ లేవు. కాబట్టి ఈ ‘కూడా’ వినయం చేత పడిందే గాని అర్థం చేత పడింది కాదు.

‘చేస్తా’ అనక ‘చేసిపెడతా’ అన్నాడు. ఫలం ఎదుటివాడికని చెప్పడానికి సంస్కృతం పరస్మైపదం పెట్టుకుంది. తెలుగుకు ఒక్క ‘పెట్టు’ చాలు.

ఇట్టివాణ్ణి వాలంటీరు అనవచ్చునా? 2019 తర్వాత ఆంధ్రదేశంలో ఆ మాటకు 50 ఇళ్ళకొకడు, నెలకు 5,000 గౌరవ వేతనం అన్న అర్థం రూఢి అయింది. ఇక్కడ రూఢి పనికిరాదు, యౌగికార్థమే తీసుకోవాలి.

శంక: ఇందులో స్వార్థమేమీ లేదా? మధ్యాహ్నం అయ్యవార్లకు తెప్పించే సాపాటులో ఒక పొట్లం మిగలకపోదని కొందరు అన్నారు. వచ్చే ఏడు లెక్కల సారు కంట్లో మంచిగా ఉండడానికని మరికొందరు. ఇంట్లో ఉంటే బర్రెల వెంట పంపుతారు గనుక ఇది తప్పించుకునే ఉపాయమని ఇంకొకరు. సమాధానం: మూడూ నిజమే కావచ్చు. అందుచేత పుణ్యం తగ్గుతుందని ఏ శాస్త్రంలోనూ లేదు.

శిశుకేంద్ర విచారం

టీక అసలు అవసరమయ్యేది ఇక్కడ. బడి శిశుకేంద్రంగా నడవాలని 1986 జాతీయ విద్యావిధానం చెప్పింది. టీచర్ల శిక్షణకు జిల్లాకొక డైట్ ఉండాలన్నదీ అదే. నెల్లూరు జిల్లా వారిది పల్లిపాడులో ఉంది. ఆ కాలంలోనే బ్రిటన్ సాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు (ఏపీపీఈపీ) ఆరు సూత్రాలిచ్చింది: పిల్లలు చేసి నేర్చుకోవాలి, చుట్టుపక్కల దొరికేవే వాడుకోవాలి, వాళ్ళు చేసినవి గోడలకు తగిలించాలి, ఇత్యాదులు. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో శిశుకేంద్రం చట్టమై కూర్చుంది. 2020 విధానం ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తి శిక్షణ పొందాలంది. ఇన్ని గంటల్లోనూ శిశువు మాట వస్తుంది, శిశువు రాడు. సెలవుల్లో పెడితే ఎట్లా వస్తాడు?

ఆ లోటు పూడ్చడానికి శిక్షణ ఇచ్చే ఆర్పీ (రిసోర్స్ పర్సన్) గారు ‘ఇప్పుడు మీరంతా మూడో తరగతి పిల్లలనుకోండి’ అంటారు. రిటైర్మెంటు దగ్గరపడిన పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని ‘మే ఐ కమిన్ సార్’ అంటాడు. హాలంతా నవ్వు. పిల్లవాణ్ణని అనుకోవలసిన పనిలేనివాడు ఆ హాల్లో ఒక్కడే ఉన్నాడు. వాడు స్విచ్‌బోర్డు కింద ఎక్స్‌టెన్షన్ బాక్సు పట్టుకుని నిలబడ్డాడు. ఆ బాక్సులో ప్లగ్గు వదులు. జారినప్పుడల్లా ప్రొజెక్టరు ఆరిపోతుంది. మిగిలిపోయిన ప్రీటెస్టు కాగితం ఒకటి నాలుగు మడతలు పెట్టి ప్లగ్గు కింద చెక్కాడు. వెలుగు నిలిచింది. ఆరు సూత్రాల్లో కనీసం రెండింటికి ఉదాహరణ గోడ పక్కనే జరిగిపోయింది, తెర మీద మాత్రం నాలుగో స్లయిడు నడుస్తున్నది.

శిక్షణ రాష్ట్రంలో మొదలై, జిల్లాకు దిగి, మండలానికి పారి, బడికి చేరాలి. 78 టీఎంసీల సోమశిల గేట్లెత్తినప్పటి జోరు చివరి మడికి వచ్చేసరికి ఉత్త తడిగా మిగలడం ఈ మండలం వాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. మన కవి చివరి మడి. పిల్లకాలవలన్నీ దాటి తనే గేటు దగ్గరికి నడిచివచ్చాడు.

మధ్యాహ్నం భిన్నాలు. ఆర్పీ బోర్డు మీద 1/3, 1/4 రాసి, ఏది పెద్దదన్నారు. పిల్లలుగా నటిస్తున్నవాళ్ళు సరైన జవాబే చెప్పారు, అలవాటు అలాంటిది. స్విచ్‌బోర్డు వైపు నుంచి మాత్రం ‘ఒకటి బై నాలుగు సార్, నాలుగు పెద్దది గదా’ అని వినిపించింది. ఎవరూ నవ్వలేదు. ఏళ్ళతరబడి పేపర్లు దిద్దేటప్పుడు ఎర్ర సిరాతో కొట్టేసిన తప్పు మనిషి రూపంలో ఎదురుగా నిలబడింది. ‘ఇట్రా అబ్బయా’ అన్నది ఒక టీచరమ్మ. ‘ఒక కారం దోసె ముగ్గురు పంచుకుంటే నీకెక్కువొస్తుందా, నలుగురు పంచుకుంటేనా?’

‘ముగ్గురైతేనే టీచర్.’

‘మరి?’

వాడు బోర్డుకేసి చూశాడు. ‘దోసె సరే టీచర్. ఆడ నాలుగుండాదే!’

దోసెకూ బోర్డుకూ మధ్య ఉన్న ఆ సందు మాడ్యూల్లో ఏ పేజీలోనూ లేదు. ఒకరు కాగితం మడిచారు, ఒకరు తాడు కొలిచారు, ఒకరు గీతకింద అంకె అంటే ఏమిటో చెప్పబోయి తనకే మాట దొరక్క ఆగారు. టీ చల్లారింది. తేవలసినవాడు పాఠంలో ఉన్నాడు గదా.

తాత్పర్యం

అయ్యా! రేపటి శిక్షణకు నేనును వచ్చెదను. పని చెప్పిన చేయుదునని భావము. మూలం కంటే తాత్పర్యం కష్టంగా ఉంటే అది టీకాకారుడి దోషం కాదు, సంప్రదాయం.

పాఠాంతరం

సాయంత్రం హాజరు పట్టీలో వాడిచేతా సంతకం చేయించారు. ‘హోదా’ అన్న గడి దగ్గర కలం ఆగింది. వాడు పై వరసలు చూశాడు, అన్నీ సెకండరీ గ్రేడ్ టీచర్లవే. అందరూ ఏది రాస్తే అదే రాయాలనుకుని, గుండ్రటి అక్షరాలతో ‘ఎస్‌జీటీ’ అని రాశాడు. లేఖక దోషం, కొట్టేయమని పరిష్కర్తలు. వద్దన్నది దోసె టీచరమ్మ. కాగితం అలాగే పై ఆఫీసుకు పోయింది.