శకుని పెట్టె ఎక్కే వేళకి

అయ్యా! కరెంటు బిల్లు కడుతూ, వినాయక చవితి చందాలిస్తూ బుద్ధిగా బతుకుతున్న నాకు ఈ ఇంట్లో ఏ కథా చివరిదాకా కుదురుగా చూసే యోగం లేదు. రిటైరయ్యాక మా ఆవిడ నాకు అప్పగించిన ఉద్యోగం ఒక్కటే: సాయంత్రం పాలు పొంగిపోకుండా కాపలా కాయడం. సెలవుల్లేవు, జీతం అసలే లేదు. కనుక నా ఫిర్యాదు సావధానంగా చిత్తగించండి.

మొదటి ముద్దాయి మా బావమరిది. 2015 జూలై 10న బాహుబలి మొదటి భాగం వచ్చింది. 2017 ఏప్రిల్ 28న రెండోది వచ్చేదాకా బాహుబలిని కట్టప్ప ఎందుకు చంపాడా అని ఊరూవాడా తలలు బద్దలు కొట్టుకుంటే, నేనూ ఓపిక పట్టాను. ఈయనగారు మొదటాట చూసొచ్చి, పెళ్లి భోజనాల్లో నా విస్తట్లో పప్పు పడేలోపే "శివగామి ఆజ్ఞ బావా!" అని తేల్చేశాడు. ఏడాది తొమ్మిది నెలల ఉపవాసానికి రెండు ముక్కల పారణ! కన్నబిడ్డలా పెంచిన తల్లి అంత మాట ఎలా అనగలిగిందని అడిగితే, "అదంతా సినిమాలో ఉందిలే" అన్నాడు.

రెండో ముద్దాయి ఎవరో నాకు తెలీదు. కుర్రతనంలో పావలా అద్దెకి తెచ్చుకున్న డిటెక్టివ్ నవల అట్ట తిప్పగానే "హంతకుడు వంటవాడే" అని పెన్సిలు రాత. పావలా దండగవుతుందని చదివాను. ఆ వంటవాడు కాఫీ కప్పు అందించినప్పుడల్లా నా గుండె దడదడలాడింది. వాడు కత్తి ఎందుకు పట్టాల్సొచ్చిందో చివర్లో తెలిసేసరికి కోపం పోయి జాలేసింది. హంతకుడి పేరు తెలియడం వేరు, కథ తెలియడం వేరని ఆ పావలాతో నేర్చుకున్నాను.

మూడో ముద్దాయి మా అబ్బాయి. సినిమా చూడడు. దాని సారాంశాన్ని ఫోనులో పది నిమిషాల్లో, అదీ రెట్టింపు వేగంతో మింగేసి, "క్లైమాక్స్ తేలిపోయింది నాన్నా" అంటాడు. వంకాయ కూర తినకుండా ముచ్చిక చప్పరించి, రుచి లేదన్నట్టు!

మొన్న మనవడు పుస్తకం పట్టుకొచ్చాడు. "తాతయ్యా, పతాక సన్నివేశం అంటే ఏమిటో రెండు వాక్యాల్లో రాయమన్నారు. పతాకమంటే జెండాయే కదా?"

"జెండాయే. కానీ కర్ర ఎక్కడ పాతారో చూడకపోతే గాల్లో గుడ్డముక్కే" అని, 1957 నాటి మాయాబజార్ పెట్టి పక్కన కూర్చోబెట్టాను. ప్రియదర్శిని పెట్టె తెరిస్తే ఎవరికి ఇష్టమైనది వాళ్లకి కనబడుతుంది. శశిరేఖకి అభిమన్యుడు, రేవతికి నగలు, బలరాముడికి దుర్యోధనుడు. తీరా కృష్ణుడు చూస్తే శకుని!

"శకుని అంటే కృష్ణుడికి ఇష్టమా?" అన్నాడు వాడు.

"చూడు" అన్నాను. చెప్పెయ్యాలని నాలుక దురదపెట్టింది. ఓర్చుకున్నాను.

మాయా శశిరేఖ పెళ్లికొడుకుని ముప్పుతిప్పలు పెడుతుంటే మనవడు పడీపడీ నవ్వాడు. చివరికి సాత్యకి చెప్పగా శకుని మాయపెట్టె ఎక్కి, తన నోటితోనే కౌరవుల కుట్రంతా కక్కేశాడు. మావాడు ఉలిక్కిపడి లేచాడు. "తాతయ్యా! అప్పుడు కృష్ణుడికి పెట్టెలో కనబడింది ఈయనే! అప్పటికే ఈయన మీద కన్నేశాడన్నమాట!"

నా మనవడు! ఆనందంతో నాకు కళ్లు చెమర్చాయి. వాడు పెన్సిలు అందుకుని మొదటి వాక్యం మొదలుపెట్టాడో లేదో, వంటింట్లోంచి మాడు వాసన, వెనకాలే "ఏమండీ!" అన్న పిలుపు.

ఆ పిలుపు ఎక్కడ మొదలై ఎక్కడికి చేరుతుందో నలభై ఏళ్లుగా ఒక్క సీను కూడా వదలకుండా చూస్తున్నవాణ్ణి. ముగింపు నాకెవరూ చెప్పక్కర్లేదు.