టైము తెలిసిన వాచీ, చెప్పలేని మొహం

మా ఇంట్లో బీరువా గంట గంటకీ కూస్తుంది. ఎవరైనా ఏదో మాట అంటున్నప్పుడు సరిగ్గా అదే క్షణంలో "కీక్ కీక్"మందంటే మా అమ్మ "చూశావా, సత్యం" అనేస్తుంది. బల్లి పలుకుకి ఇచ్చే మర్యాద దానికీ ఇస్తోంది. పట్టుచీరల కింద నుంచి పలికేది బల్లి కాదు, ఎనభైల్లో మా బాబాయి కువైట్ నుంచి తెచ్చిన డిజిటల్ వాచీ. ఆ రోజుల్లో కోనసీమలో గల్ఫ్ వెళ్ళొచ్చినవాడు టేప్‌రికార్డరూ, సెంటుసీసాలూ, ఇలాంటి వాచీలూ తేకపోతే, అసలు వెళ్ళింది గల్ఫ్‌కేనా అని వీధివాళ్ళు అనుమానపడేవాళ్ళు.

ఈమధ్య దాని మొహం కషాయం రంగుకి తిరిగింది. అంకె ఒక్కటీ కనపడకుండా పోయింది. కొత్త బ్యాటరీ వేస్తే మాత్రం లోపలి క్వార్ట్జ్ సెకనుకి 32,768 సార్లు కంపిస్తూ తన పని తాను చేసుకుపోతుంది. ఆ సంఖ్యని 15 సార్లు సగం చేసుకుంటూ పోతే సెకనుకి ఒకటి తేలుతుంది. లెక్క తప్పే ప్రసక్తే లేదు. టైమెంతో దానికి తెలుసు, పైకి చెప్పలేదంతే. ఇలాంటి ఉద్యోగి ప్రతి ఆఫీసులోనూ ఒకడుంటాడు.

హైదరాబాద్ కోఠీలో ఒక రిపేరు బడ్డీలో చూపిస్తే అతను మూత కూడా తీయకుండా తేల్చేశాడు. "డిస్‌ప్లే పోతే పోయినట్టే సార్. రెండొందలు పెడితే కొత్తదొస్తది." సగం నిజమే. కొత్తది వస్తుంది. డిస్‌ప్లే పోయిందన్న మాట మాత్రం చాలాసార్లు తప్పు.

వాచీ మొహంలో అంకెలు చూపించేవి ద్రవస్ఫటికాలు (లిక్విడ్ క్రిస్టల్స్). వాటి కథ క్యారెట్‌తో మొదలైంది. 1888లో ప్రాగ్‌లో ఉండే ఫ్రీడ్రిష్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రవేత్త, క్యారెట్‌లోని కొలెస్టరాల్‌తో తయారుచేసిన ఒక పదార్థాన్ని వేడిచేస్తే, అది 145.5 డిగ్రీల దగ్గర కరిగి మసకగా అయింది. 178.5 దగ్గర మళ్ళీ తేటపడింది. రెండుసార్లు కరిగే ఈ వింతేమిటో చూడమని ఆయన ఒట్టో లేమన్ అనే భౌతికశాస్త్రవేత్తకి ఉత్తరం రాశాడు. మనవాళ్ళ చేతిలో పడి ఉంటే ఆ క్యారెట్ హల్వా అయ్యేది, సెయికో కంపెనీ 1973లో ఆరంకెల ఎల్‌సీడీ వాచీ తెచ్చేదీ కాదు.

వాచీలో ద్రవస్ఫటికం రెండు అద్దపు పలకల మధ్య, వెంట్రుక మందంలో పదో వంతు సందులో ఉంటుంది. పైనొక పోలరైజర్ ఫిల్ము (ఒకే వాటంలో వచ్చే వెలుతురుని మాత్రమే వదిలేది), కిందొకటి. ద్రవం వెలుతురుని మెలితిప్పి రెండు ఫిల్ముల్నీ దాటిస్తుంది. కరెంటు తగిలినచోట మెలిక విడిపోతుంది, వెలుతురు ఆగిపోతుంది, అక్కడ నల్లగీత కనపడుతుంది. అలాంటి ఏడు గీతలతో మన కాలమంతా నడుస్తోంది.

గీతల్లో ఒకటి ఎగిరిపోయిందనుకోండి, అప్పుడు చూడాలి తమాషా. కుడివైపు పైగీత పోతే తొమ్మిది కాస్తా ఐదవుతుంది. ఆఫీసుకి బయల్దేరాల్సినవాడికి ఆఫీసు వదిలే టైము కనపడుతుంది. దానికి దోషి చాలాసార్లు జీబ్రా స్ట్రిప్. సర్క్యూట్‌కీ అద్దానికీ మధ్య ఉండే సన్నటి రబ్బరు పట్టీ అది. కరెంటు పారే పొరా, పారని పొరా ఒకదాని పక్కన ఒకటి పేర్చి ఉంటాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో దాన్నీ, అద్దం అంచునీ తుడిచి సరిగ్గా కూర్చోబెడితే ఐదు మళ్ళీ తొమ్మిదవుతుంది. మనిషి మళ్ళీ ఆఫీసుకి పోతాడు.

మా బాబాయి వాచీది వేరే రోగం. మూత తీయగానే గుప్పున పుల్లటి వాసన. వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది. "ఏవండీ, మళ్ళీ ఆ నూడుల్స్ బండి దగ్గర తినొచ్చారా?" ఆ అనుమానం న్యాయమైనదే. మా ఇంట్లో వెనిగర్ అనేదే ఉండదు, ఆవకాయకి దాని అవసరం లేదు. విషయమేమిటంటే, పోలరైజర్ ఫిల్ములో ఉండే ఎసిటేట్ పొర వేడికీ చెమ్మకీ ఏళ్ళ తరబడి కుళ్ళి, వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లాన్నే వదులుతుంది. కోనసీమలో చెమ్మకేం కొదవ? ద్రవం శుభ్రంగానే ఉంది. పాడైంది పైనున్న ఫిల్ము.

ఫిల్ము ఒలవడం మాత్రం ఓర్పుకి పరీక్షే. కొనగోటితో మూల లేపితే అప్పడంలా పెళుక్కుమని ముక్కలవుతుంది. అడుగున మిగిలే జిగురు మొదట బ్లేడుకి, తర్వాత వేలికి, ఆ తర్వాత ముక్కుకి అంటుకుంటుంది, ఎందుకంటే సరిగ్గా అప్పుడే ముక్కు దురద పెడుతుంది. అద్దం అంచుకి బ్లేడు తగిలితే పలుకు లేచిపోతుంది. కొత్త ఫిల్ముని అంటించే ముందు, వాచీ నడుస్తుండగానే అద్దం మీద పట్టుకుని తిప్పి చూడాలి. ఒక వాటంలో తెల్లటి మొహం మీద నల్లంకెలు. తొంభై డిగ్రీలు తిప్పితే నల్లటి మొహం మీద తెల్లంకెలు. అదే ఫ్యాషనని కావాలనే అలా అంటించుకునేవాళ్ళున్నారు. మా అమ్మకి చూపిస్తే "నల్లమొహం వద్దురా, శుభమా అని బాగుచేస్తూ" అంది. తెల్లదే ఖాయమైంది.

ఈ హడావిడిలో వెనకమూతకి కూత అందించే ఆవగింజంత స్ప్రింగ్ ఒకటి ఎగిరిపోవడం ఆనవాయితీ. మా ఇంట్లోనూ ఎగిరింది. ఇంటిల్లిపాదీ టార్చిలైట్లతో నేలమీద పాకాం. మా అబ్బాయి అయస్కాంతం కట్టిన దారంతో మంచం కింద గాలం వేశాడు. దొరికింది. దొరక్కపోతే వాచీ టైము చూపించేదే గానీ మా ఇంట్లో సత్యం పలికేవాళ్ళుండేవారు కాదు.

ఒక్క రోగానికి మాత్రం మందు లేదు. అద్దం పగిలి, లోపల సిరా ఒలికినట్టు నల్లమరక పాకుతుంటే ద్రవం కారిపోతోందని అర్థం. దానికి వేరే వాచీలోంచి డిస్‌ప్లే తీసి పెట్టాల్సిందే. అక్కడ కోఠీ అతనిదే గెలుపు.

మీ ఇంట్లో కూడా గల్ఫ్ మావయ్య ఇచ్చిందో, పదో తరగతి పాసైతే నాన్న కొనిచ్చిందో ఒకటి పడి ఉండే ఉంటుంది. ఇవాళే వెతికి ముందు అందులో బ్యాటరీ తీయించేయండి. అది కారిందంటే సర్క్యూట్‌లోని రాగి తీగల్ని తినేస్తుంది. మొహం సంగతి తీరిగ్గా చూసుకోవచ్చు.