కోడర్ బావ

మా బావ మెడికల్ కోడర్. ఆయనకి రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి. కానీ అమెరికాలో ఎవరికైనా చెవి కింద గడ్డ కోస్తే, ఆ మనిషి ఎన్నింటికి మత్తులోకి జారుకున్నాడో, ఎన్నింటికి రికవరీ గదికి చేరాడో నిమిషాలతో సహా చెప్తాడు. బీఫార్మసీ పాసై, అమీర్‌పేట మైత్రీవనం సందుల్లో కోచింగ్ తీసుకుని, కోడర్లకు పెట్టే నూరు ప్రశ్నల సీపీసీ పరీక్ష గట్టెక్కి, ఇప్పుడు హైటెక్ సిటీలో కూర్చుని అక్కడి బిల్లుల కోసం అనస్థీషియా చార్టులకు కోడ్లు వేస్తుంటాడు. రాత్రంతా అమెరికా ఇన్సూరెన్స్ కంపెనీలకు ఫోన్లు చేసి రావాల్సిన డబ్బులడిగే ఏఆర్ కాలర్లంటే ఆయనకి కాస్త చులకన. "వాళ్లది నోటి పని, మాది బుర్ర పని" అంటాడు.

బావకి ప్రాణం 00100. లాలాజల గ్రంథుల ఆపరేషన్‌కి మత్తు కోడ్ అది. సర్జరీ కోడర్లు పాపం, పెరోటిడ్ గ్రంథిలో పై భాగమే తీశారా, మొత్తం తీశారా, ముఖంలోని నరాన్ని కాపాడారా, వదిలేసుకున్నారా అని రిపోర్టంతా చదివి 42410, 42415, 42420, 42425ల మధ్య కొట్టుమిట్టాడతారు. బావకి ఆ బాధ లేదు. బయాప్సీకి ముక్క తీసినా, గ్రంథి మొత్తం తీసేసినా 00100, బేస్ యూనిట్లు 5. ఆ పైన పావుగంటకో యూనిట్. యూనిట్లను బట్టే ఫీజు. ఎవరిచ్చారో చెప్పడానికి కోడ్ పక్కన రెండక్షరాలు: మత్తు డాక్టరు స్వయంగా ఇస్తే ఏఏ. మత్తు నర్సు డాక్టరు పర్యవేక్షణ లేకుండా ఇస్తే క్యూజెడ్. ఒకే డాక్టరు రెండు నుంచి నాలుగు గదులు చూసుకుంటే క్యూకె. ఐదో గది కూడా నెత్తినేసుకున్నాడా, ఏడీ. అక్కడి రోగి కూడా అదే అడుగుతాడేమో.

చార్టులో రాయకపోతే జరగనట్టే అన్నది వాళ్ల ఆఫీసు వేదం. దాన్ని బావ ఇంటికీ తెచ్చుకున్నాడు. "పాలవాడికి డబ్బులిచ్చేశానండీ" అని అక్క అంటే, "డాక్యుమెంటేషన్ ఉందా?" అంటాడు. అత్తగారితో మాటామాటా అనుకుని అక్క మూతి ముడుచుకుంటే, ఓదార్చాల్సింది పోయి "జెడ్63.1" అన్నాడు. అత్తింటివాళ్లతో ఇబ్బందులకి నిజంగానే ఆ కోడ్ ఉంది! ఊళ్లో మా చిన్నాన్నని ఆవు కుమ్మిందని ఫోనొస్తే, "మొదటిసారి చూపించుకుంటున్నాడా, ఫాలోఅప్పా?" అని అడిగాడట. డబ్ల్యూ55.22 చివర అక్షరం దాన్నిబట్టి మారుతుంది మరి. ఉగాది ఏ తేదీన వచ్చిందో గుర్తుండదు గానీ, అక్టోబరు 1న జబ్బుల కోడ్లు, జనవరి 1న చికిత్సల కోడ్లు మారతాయని నిద్రలో లేపి అడిగినా చెప్తాడు.

ఇలాంటి మనిషిని మా పెదనాన్న డిశ్చార్జి రోజున బిల్లింగ్ కౌంటరుకి పంపాం. పెదనాన్నకి డెబ్బై రెండేళ్లు, అదుపులో లేని షుగరు, పెరోటిడ్‌లో గడ్డకి ఆపరేషన్. బిల్లులో మత్తుకి ఒక్కటే లైను: "అనస్థీషియా చార్జీలు". పక్కన ఓ పెద్ద అంకె.

"స్టార్ట్ టైమ్, స్టాప్ టైమ్ ఏవండీ?" అన్నాడు బావ.

"సర్జన్ ఫీజులో పర్సంటేజీ సార్. క్యాషా, కార్డా?" అంది ఆ అమ్మాయి.

బావ మొహం పాలిపోయింది. బిల్లు వెనక్కి తిప్పి పెన్ను తీశాడు. బేస్ 5. తొమ్మిదీ పది నుంచి పదకొండూ నలభై దాకా అనుకుంటే నూటయాభై నిమిషాలు, 10. షుగరుకి పీ3, ఒకటి. డెబ్బై దాటినందుకు 99100, ఇంకొకటి. "మెడికేర్ వాళ్లయితే ఈ చివరి రెండూ ఇవ్వరు, ప్రైవేటు ఇన్సూరెన్స్ అనుకుందాం. మొత్తం 17 యూనిట్లు. మీ పర్సంటేజీలో ఇందులో ఒక్కటైనా ఉందా?" వెనక క్యూలో ఒకాయన "బాబూ, నాకు బస్సుంది" అన్నాడు. చివరికి అక్క వచ్చి కార్డు గీకి, మొగుణ్ని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది.

బిల్లు ఒక్క రూపాయి తగ్గలేదు. అయినా నా ఓటు బావకే. పద్దులవారీగా బిల్లు అడిగి తీసుకోవచ్చని జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రమే చెబుతోంది, అడిగేవాళ్లే లేరు. మీ ఇంట్లోనూ ఇలాంటి బావ ఉంటే తప్పకుండా వెంటబెట్టుకెళ్లండి. కాకపోతే ఓ రెండు గంటలు ముందుగా బయల్దేరండి.