ముందు ప్లగ్గు విప్పండయ్యా

మా రోజుల్లో బండి షెడ్డులోకి రాగానే మేస్త్రి బానెట్ ఎత్తించేవాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొస టప్పెట్ కవర్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని నిలబడేవాడు. అంతసేపూ షెడ్డులో ఎవరూ మాట్లాడకూడదు. ఇప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో ఏ షెడ్డుకెళ్లినా మొదటి ప్రశ్న ఒకటే: "స్కానర్ పెట్టారా?" పెడతారు. రెండో సిలిండర్ మిస్‌ఫైర్ అని కోడ్ చూపిస్తుంది. కాయిల్ మారుస్తారు, ప్లగ్గులు మారుస్తారు, ఆఖరికి ఇంజెక్టరూ మారుస్తారు. కస్టమర్ జేబు ఖాళీ అవుతుంది, మిస్సింగ్ మాత్రం పోదు. ఏ సిలిండర్ సరిగ్గా మండట్లేదో కోడ్ చెప్పగలదు. ఎందుకు మండట్లేదో కనుక్కోవాల్సింది మనిషే.

అప్పటి ఇంజిన్లకూ ఇప్పటివాటికీ పోలిక లేదు, నిజమే. మారుతి 800 అంటే 796 సీసీ, మూడు సిలిండర్లు, 37 హార్స్ పవర్ చుట్టూ ఉండేది. ఇప్పుడు అవే మూడు సిలిండర్లతో 999 సీసీ టర్బో పెట్రోల్ ఇంజిన్ ఫ్యాక్టరీ నుంచే 110 ఇస్తోంది. అదీ చాలదట. ల్యాప్‌టాప్ తగిలించి బూస్ట్ పెంచుతారు, స్పార్క్ టైమింగ్ ముందుకు జరుపుతారు. లాగ్ చదువుతూ పద్ధతిగా ట్యూన్ చేసేవాళ్ల మీద నాకు గౌరవమే. నా బాధంతా హై ఆక్టేన్ పెట్రోల్‌కి రాసిన ట్యూనింగ్ మ్యాప్ ఎక్కించుకుని, ఏ బంకు దగ్గరైతే అక్కడ మామూలు పెట్రోల్ కొట్టించేవాళ్లతోనే.

అలాంటప్పుడు ఏం జరుగుతుంది? ప్లగ్గు దగ్గర మొదలైన మంట అవతలి అంచుకు చేరేలోపే అక్కడి మిక్చర్ తనంతట తానే పేలుతుంది. అదే నాకింగ్. అంబాసిడర్ ఘాట్ ఎక్కుతుంటే ఆ టకటక డ్రైవర్‌కి వినపడేది, వెంటనే గేర్ దించేవాడు. మర్నాడు మేస్త్రి డిస్ట్రిబ్యూటర్ కాస్త తిప్పి టైమింగ్ సరిచేసేవాడు. ఇప్పుడా పని నాక్ సెన్సార్ చూసుకుంటుంది. శబ్దం పసిగట్టగానే ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ) టైమింగ్ వెనక్కి లాగుతుంది. అది లాగడానికీ ఒక హద్దుంది. అద్దాలెత్తి పాటలు పెట్టుకున్నవాడికి ఆ టకటక చెవిన పడదు, దెబ్బలు మాత్రం పిస్టన్ తింటూనే ఉంటుంది. మొదటి రింగుకీ రెండో రింగుకీ మధ్యనుండే సన్నటి గట్టు చాలాసార్లు ముందుగా విరుగుతుంది.

ఈమధ్య ఒక కుర్రాడు తెచ్చిన బండి సంగతి సరిగ్గా ఇదే. ప్లగ్గులు విప్పాను. రెండోదాని తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు, వాటి మధ్య వెండిరంగు రేణువులు. ఆ వెండి పిస్టన్ అల్యూమినియం. మూడు ప్లగ్గులూ తీసేసి, ఇంజెక్టర్లు ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కించి కంప్రెషన్ చూశాను. ఒకటీ మూడూ 170 పీఎస్ఐ, రెండోది 90. సిలిండర్ల మధ్య తేడా పది పదిహేను శాతం దాటితేనే అనుమానించాలి, ఇది దాదాపు సగానికి పడిపోయింది. ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ ఆ సిలిండర్‌లో పోసి మళ్లీ చూస్తే 130కి లేచింది. ఆయిల్‌తో లేచిందంటే అనుమానం రింగుల వైపు. లేవకపోతే వాల్వులో, హెడ్ గ్యాస్కెటో. తర్వాత పిస్టన్‌ని పైకి తెచ్చి, రెండు వాల్వులూ మూసుకున్న చోట నిలిపి గాలి ఎక్కించాను. సైలెన్సర్‌లో బుసకొడితే ఎగ్జాస్ట్ వాల్వు, ఎయిర్ ఫిల్టర్ వైపైతే ఇన్‌టేక్ వాల్వు, రేడియేటర్‌లో బుడగలొస్తే గ్యాస్కెట్. ఇక్కడ ఆయిల్ పోసే మూత దగ్గర బుసకొట్టింది, అంటే గాలి రింగులు దాటి దిగుతోంది. హెడ్ దించి పిస్టన్ బయటికి తీస్తే గట్టు అంగుళం మేర విరిగి చేతికొచ్చింది.

అంతకుముందు చూసిన షెడ్డువాళ్లు నీలంపొగ చూసి టర్బో కొత్తది వేయించారట. టర్బో షాఫ్ట్ పైకీ కిందికీ కాస్త ఆడటం మామూలే, ముందుకూ వెనక్కూ ఆడితేనే బేరింగ్ పోయినట్టు. పాత టర్బో పట్టుకుని చూసినవాడే లేడు. రింగులు దాటిన గ్యాసు క్రాంక్‌కేస్‌లో నిండితే టర్బోలోని ఆయిల్ కిందికి దిగలేక సీలు దాటి కారుతుంది. కొత్త టర్బో అయినా పొగే వదులుతుంది. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసి అరచేయి అడ్డం పెట్టి ఉంటే, వేల రూపాయలు మిగిలేవి.

మరో బాధ ఏమిటంటే, కస్టమర్లు నిజం చెప్పడం మానేశారు. రీమ్యాప్ చేయించినవాడు సర్వీసుకు వచ్చేముందు పాత మ్యాప్ ఎక్కించి, ఏమీ ఎరగనట్టు నిలబడతాడు. మా రోజుల్లో లారీ డ్రైవర్ తాళం అందిస్తూనే ఓవర్‌లోడ్ ఎంత వేశాడో, ఏ ఘాట్‌లో వేడెక్కిందో, నీళ్లు ఎక్కడ పోశాడో పూసగుచ్చినట్టు చెప్పేవాడు. రోగం సగం అక్కడే తెలిసేది. మా ముందు దాచి మీరు గెలిచేదేమీ లేదు బాబూ. కారణం తెలియకుండా కొత్త పిస్టన్ వేసి అదే మ్యాప్‌తో పంపిస్తే, అదీ విరుగుతుంది.

స్కానర్ మంచి పనిముట్టే, మా కాలంలో ఉంటే మేమూ వాడేవాళ్లం. కోడ్‌తో ఆగకుండా ఏ సిలిండర్‌లో టైమింగ్ ఎంత వెనక్కి లాగిందో లాగ్ చదవండి. రీబిల్డ్ చేసిన ఇంజిన్ బిగించేముందు ఆ సిలిండర్ ఇంజెక్టర్ స్ప్రే, ఇంటర్‌కూలర్ గొట్టాల లీకులు చూడండి. బండి ఓనర్లకు నేను చెప్పేదొకటే: సిలిండర్ల వారీగా కంప్రెషన్ రీడింగు కాగితం మీద రాసివ్వని షెడ్డులో హెడ్ మీద స్పానర్ పెట్టనివ్వకండి.