చిల్లు కుండీకి టీకా తాత్పర్యం

మూలం: మన్ను చెరువుది, రూపు ఇంటిది, నిప్పు కుమ్మరిది, చిల్లు లేనిది కుండీ కాదు.

అవతారిక: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో డాబా మీద మర్రినో రావినో జానెడెత్తున పెంచాలని బుద్ధి పుట్టినవారికి మొట్టమొదటి చింత కుండీయే. జపానులోని టొకోనామె కుండీ తెప్పిద్దామంటే చెట్టు కన్నా దాని ఖరీదే ఏపుగా ఉంటుంది. ఆ చింత తీర్చడానికి అవతరించిన ఈ సూత్రం చెప్పేది ఒక్కటే: ఈ మూడు ఊళ్ల ఎండకు, రాయిలా కాల్చిన విదేశీ కుండీ కంటే కుమ్మరి ఆవంలో కాలిన ఎర్రమట్టి కుండీయే తగినది.

ప్రతిపదార్థం: ‘మన్ను చెరువుది’ అనగా ఇసుక కలిపి తొక్కిన బంకమట్టి. ఇసుక లేని ఉత్త బంక ఎండేటప్పుడు నెర్రెలిస్తుంది. ‘రూపు ఇంటిది’ అనగా సారె మీద రానిది. సారె గుండ్రమే ఇస్తుంది. నలుచదరపు పళ్లెం కావాలంటే చపాతీ కర్రతో పలక ఒత్తి, కోసి, అంచులు గీరి, పల్చటి బురదతో అతకాలి. ఎండి కాలేసరికి మట్టి దాదాపు పదో వంతు కుంచించుకుపోతుంది కనుక 20 సెంటీమీటర్ల కుండీకి 22 సెంటీమీటర్ల పలక కోయాలి. అంచులు ముందెండితే మూలలు పైకి లేస్తాయి. అందుకని నీడలో, తడిగుడ్డ కప్పి ఆరబెట్టాలి. సిరిసిల్లలో పాలిస్టర్ తానులకు కొదవ లేదు గానీ, ఇక్కడ తడి పట్టి ఉంచేది నూలే. ‘చిల్లు’ అనగా బోన్సాయికి ప్రాణం. నీళ్లు పోశాక ఏ కుండీలోనైనా అడుగున కొంత మందాన తడి దిగకుండా నిలిచిపోతుంది. లోతైన తొట్టిలో అది లెక్కకు రాదు. రెండంగుళాల కుండీలో వేళ్లు దానిలోనే నానుతాయి. కాబట్టి చిల్లు పెద్దదై ఉండాలి, లోపలి అడుగు దాని వైపే వాలాలి, కాళ్లు కుండీని గచ్చు మీంచి లేపాలి.

పూర్వపక్షం: టొకోనామెవారు వెర్రివాళ్లా, అంత సెగపెట్టి కాల్చడానికి? కారు. వారికి చలికాలంలో మంచు పడుతుంది. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. చెమ్మ పీల్చిన మెత్తటి కుండీని ఆ ఉబ్బు పగలగొడుతుంది. జగిత్యాలలో చలి ఎంత ముదిరినా కుండీలో నీరు గడ్డకట్టదు. వారి నియమం వారి శత్రువుకు సరిపోయింది. మన శత్రువు మే నెల ఎండ. ఈ భేదం మన ఇళ్లకు కొత్త కాదు: ఆవకాయకు జాడీ, మంచినీళ్లకు రంజన్. జాడీ గోడ నూనెను పీల్చకూడదు, రంజన్ గోడ చెమర్చాలి. ఎండలో కాగే వేరుకు కావలసింది ఆ రెండో గోడే, చెమట ఆరేటప్పుడు వేడిని పట్టుకుపోతుంది గనుక.

అయితే నీళ్లు తొందరగా ఆరిపోవా అంటే, ఆరిపోతాయి. ఎండాకాలంలో పూటపూటా తడపాలి, మధ్యాహ్నం నీడ పట్టాలి. బోరునీళ్ల ఉప్పు గోడ మీద తెల్లగా పేరుకుంటుంది, తోమాలి. ఇది శ్రమే గానీ దోషం కాదు. కుళ్లిన వేరును మాత్రం ఏ శ్రమా బతికించదు.

మరొక ఆక్షేపం: ఇంట్లోనే కాల్చుకోలేమా? కేక్ ఓవెన్ సుమారు 250 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. మట్టి రేణువుల్లో ఇమిడిన నీరు వదలాలంటేనే ఇంచుమించు 500 డిగ్రీలు దాటాలి. అంతవరకూ అది నీళ్లు పోస్తే మళ్లీ బురదయ్యే బొమ్మ. సెగ నెమ్మదిగా ఎక్కించాలి. లేకుంటే మందమైన గోడలో మిగిలిన చెమ్మ ఆవిరై కుండీని పేల్చేస్తుంది. ఎప్పుడు పేర్చాలి, ఎప్పుడు ఊపిరాడనివ్వాలి అన్నది థర్మామీటరు లేకుండానే ఆవం పేర్చే చేతికి తెలుసు.

తాత్పర్యం: ‘ఇంట్లో చేసిన కుండీ’ అన్న మాట మూడింట ఒక వంతే నిజం. జపాను కుండీల అడుగున చేసినవారి ముద్ర ఉంటుంది. మనమూ ముద్ర వేద్దాం, వేయాల్సిందే. అయితే పలక ఒత్తినవారి పేరు పక్కన కాల్చిన కుమ్మరి పేరూ చెక్కాలి, ఆవంలో చోటిచ్చినందుకు కూలి కూడా బేరమాడకుండా ఇవ్వాలి.