ముదురు బండి పద్యమునకు టీకా తాత్పర్యములు

కోలాచల మల్లినాథసూరి కాళిదాసాదుల కావ్యములకు వ్యాఖ్యలు రచింపబూనినపుడు, ఆధారము లేనిదానిని వ్రాయననియు, అపేక్షితము కానిదానిని చెప్పననియు ప్రతిజ్ఞ చేసెను. అందు మొదటి సగమును మేమును శిరసావహించితిమి. రెండవ సగము మావలన కాదు. అనపేక్షితమును చెప్పక ట్రాక్టరును గూర్చి మాటాడగలవాడు నరసరావుపేటకును ఒంగోలునకును నడుమ ఇంతవరకు జన్మించియుండలేదు.

అవతారిక

కళ్ళములలో ఎండిన మిరపకాయ గోనె టిక్కీలకెక్కి, టిక్కీలు ట్రక్కునకెక్కి, ట్రక్కు ట్రాక్టరునకు తగుల్కొని గుంటూరు మిర్చి యార్డు దారి పట్టెడి మాఘ ఫాల్గుణములలో, ఇరువది యేండ్లు పైబడిన బండి గల ప్రతి యింటను ఒక మీమాంస పుట్టుచుండును. కొత్త బండి కొన్నవానికి ఈ బాధ లేదు. వానికి వాయిదాల బాధ గలదు. పాతబండివాడు టైరును కాలితో ఒకమారు తన్ని, బానెటుపై అరచేయి ఆనించి, పక్కనున్న చుట్టమును "ఏం బావా, లాగుద్దంటావా?" యని యడుగును. బావ యెన్నడును లాగదనడు. "లాగకేం! ఇదే మాసీ మీద మీ నాయన చెరువు మట్టంతా తోలలా?" యని చరిత్ర నుదాహరించును. ఈ సంభాషణమున ప్రశ్నయే తప్పనియు, అందుచే జవాబు నిజమైనను పనికిరాదనియు బోధించుటకై క్రింది పద్యము పుట్టినది. కర్త యెవడో తెలియదు. మెకానిక్కుల షెడ్లలో తిరుగాడు చాటువని చెప్పుకొందము; వ్యాఖ్యాతయే కర్తయని యనుమానించువారితో మాకు వాదము లేదు.

మూలము (ఆటవెలది)

లాగు బండి యెంత లాగునో యడుగక
ఆగు నెంత దవ్వు కనుచు నడుగు
ముదురు బండి వెనుక మూటల తొట్టికి
బ్రేకు లేదు కలదు పిన్నె సుమ్ము

ప్రతిపదార్థము

లాగు బండి = ముందుండి యీడ్చునట్టి ట్రాక్టరు; ఎంత లాగునో = ఎన్ని టిక్కీల బరువు నీడ్వగలదో; అడుగక = ప్రశ్నింపక; ఎంత దవ్వుకు = ఎంత దూరమునకు; ఆగు ననుచు = నిలుచునో యని; అడుగు = ప్రశ్నింపుము; ముదురు బండి వెనుక = వయసు మీరిన యా ట్రాక్టరు వెనుకనున్న; మూటల తొట్టికి = టిక్కీలు నింపిన ట్రక్కునకు; బ్రేకు లేదు = నిలుపునట్టి సాధనము లేదు; పిన్నె = హుక్కులోని యినుప పిన్ను మాత్రమే; కలదు సుమ్ము = ఉన్నది చుమీ.

వ్యాఖ్య

'లాగు బండి' యనుటలో 'లాగు' అను విశేషణము వ్యర్థమని కొందఱు తలంపవచ్చును. వ్యర్థము కాదు. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము తన రెండవ విభాగమున ట్రాక్టరును నిర్వచించుచు, తన నడకకు వలయు పరికరములు తప్ప వేఱొక బరువును తనపై మోయుటకు నిర్మింపబడని మోటారు వాహనమని చెప్పినది. అనగా మోయుట దాని ధర్మము కాదు, లాగుటయే ధర్మము. ఆ విభాగమే మోటారు వాహనమన్న మాటలో ట్రెయిలరును గూడ చేర్చినది. మోటారు లేని మోటారు వాహనమని దీనికి పేరు. తార్కికులు వంధ్యాపుత్రుడు లేనేలేడందురు. మన చట్టము వానికి వేఱుగ నంబరు పలకను గూడ దయచేసినది.

'ఎంత లాగునో యడుగక' — అడుగకపోవుట యేల, లాగుటయే ముఖ్యము గదా యన్న శంక పుట్టును. లెక్క చూతము. ముప్పదియైదు హార్సుపవరు పాత ట్రాక్టరు బరువు ఇంచుమించు 1,800 కిలోలు. ఖాళీ ట్రక్కు 1,500 కిలోలనుకొందము. ఒక్కొక్కటి 42 కిలోల చొప్పున 100 టిక్కీలు 4,200 కిలోలు. వెరసి 7,500 కిలోలు. చదునైన తారురోడ్డుపై చక్రములు దొర్లుటకు కలుగు నిరోధము బరువులో నూటికి రెండు పాళ్ళని పట్టినచో, ఈ సమస్తమును గంటకు 20 కిలోమీటర్ల వేగమున నడుపుటకు కావలసిన శక్తి 11 హార్సుపవరు మాత్రమే. పిస్టన్ రింగులరిగి, నల్లని పొగ గ్రక్కుచు, తన యౌవనశక్తిలో సగము పోగొట్టుకొన్న ఇంజనునకును ఇది సుకరము. కావున బావ చెప్పినది సత్యమే. పాతబండి లాగును. ఎక్కుడు వచ్చినచో గేరు తగ్గించుకొని, మూల్గుచునైనను లాగును. అది లాగుటయే మనల వంచించుచున్నది.

ఈ సీమ ప్రజలు ఇంత సులభముగ ఈ వంచనకు లోబడుటకు వేఱొక కారణము గూడ కలదు. ఒంగోలు గిత్తలను పుట్టించిన నేల యిది. సంక్రాంతికిని, శివరాత్రికిని, ఊరి తిరునాళ్ళకును బండలాగుడు పోటీలు పెట్టి, రెండు పళ్ళ జత యనియు, నాలుగు పళ్ళ జత యనియు, ఆఱు పళ్ళ జత యనియు నోరు తెఱచి వయసు నిర్ణయించి, నిర్ణీత కాలములో బండను ఎన్ని అడుగుల దూర మీడ్చినదో టేపు పెట్టి కొలిచి, గెలిచిన జతకు హారతి పట్టి, ఆ కీర్తిని మూడు తరములు చెప్పుకొను జనులకు బలమనగా లాగు బలమనియే మనసున నాటియుండుట ఆశ్చర్యము కాదు. కాని బండకు చక్రములు లేవను సంగతిని వారు మఱచినారు. గిత్తలు నిలిచిన క్షణమున బండయు నిలుచును. అది యెన్నడును గిత్తల వెంటబడి తరుమలేదు. ట్రక్కు తరుమును. బండలాగుడు శాస్త్రమంతయు ట్రక్కు దగ్గర చెల్లకపోవుటకు ఇదియే హేతువు, పద్యమునకు ప్రాణమును ఇదియే.

'అడుగక / ఆగు' — ఇచ్చట పాదాంతమున కవి సంధి చేయక విడిచినాడు. 'యాగు' అనవలసినచోట 'ఆగు' అనుట దోషమని లాక్షణికులు కన్నెఱ్ఱ చేయుదురు. మేమిది గుణమందుము. ఆగుటకు ముందు కొంత ఎడము విడువవలెనని కవి పద్యశరీరమునందే చూపినాడు. ఆ ఎడమెంతయో గణింతము.

మన ట్రాక్టర్లకు బ్రేకులు వెనుక చక్రములకే యుండును. ముందు చక్రములకు లేవు. వెనుక ఇరుసుపై బడు బరువు ఇంచుమించు 1,200 కిలోలు. నాలుగు చక్రముల ట్రక్కు తన బరువును హుక్కుపై మోపదు గనుక ఆ వైపునుండి సహాయము లేదు. పూసలు నిగనిగలాడు టైరును, మంచి లైనరును ఉన్నచో ఆ బరువులో నూటికి 60 పాళ్ళు, అనగా 720 కిలోల పట్టు దొఱకును. దొర్లుడు నిరోధము 150. ఈ 870 కిలోల పట్టు 7,500 కిలోల పరుగు నాపవలెను. డ్రైవరు కాలు బ్రేకుపైకి బోవుటకు ఒక సెకను పట్టునని కలుపుకొన్నచో, 20 కిలోమీటర్ల వేగమున పోవు బండి చదును రోడ్డుపై ఇరువది మీటర్లకు ఆగును; 30 కిలోమీటర్ల వేగమైనచో నలువదికి. వేగము సగము పెరిగిన, దూరము రెట్టింపైనది.

ఇది బ్రేకులు బాగున్నప్పటి మాట. ఇక సాగరు కాలువ వంతెన దిగుచున్నామనుకొందము. ఇరువది అడుగులకు ఒక అడుగు చొప్పున పల్లము. బ్రేకులు సగము పోయినవి. పట్టు 360, దొర్లుడు నిరోధము 150, పల్లము ముందుకు తోయునది 375. పోగా మిగిలినది 135 కిలోలు. ఏడున్నర టన్నుల కుటుంబమును ఈ 135 కిలోలు నిలుపవలెను. నిలుపును, అబద్ధమాడనేల? తొంబది మీటర్లు దాటిన తరువాత నిలుపును. ఈ లోపల వంతెన దిగి, టీ బడ్డీ దాటి, ఎదురుగ వచ్చు పల్లెవెలుగు బస్సును గూడ కలిసికొనవచ్చును. దిగుడున చిన్న గేరులో నుంచినచో ఇంజను కొంత బిగబట్టును. కాని డీజిలు మిగులునని న్యూట్రలున విడుచు పండితులు పెక్కురు. వారు మిగిల్చిన డీజిలు వెల యెంతయో మేము లెక్కింపలేదు.

'ముదురు' — వయసు ఏండ్లతో తెలియదు. సొంత వ్యవసాయపు బండికి రిజిస్ట్రేషను పదునైదేండ్లు చెల్లును, పిమ్మట ఐదేసి యేండ్లకు పునరుద్ధరింపవలెను. కాగితము నవయౌవనమున నుండగా బండి వార్ధక్యమున నుండవచ్చును. గిత్త వయసు పళ్ళు చెప్పును. ట్రాక్టరు వయసు గంటల మీటరు చెప్పవలెను, కాని అది సామాన్యముగ ఏ సార్వా సీజనులోనో మౌనవ్రతము పూనియుండును. కనుక చూడవలసినవి వేఱు. పాతబండ్లలో బ్రేకులు పొడి డిస్కులు. వెనుక ఇరుసు ఆయిల్ సీలు కారినచో నూనె లైనరుపై బడి, పెడలు గట్టిగానే యుండి బ్రేకు మాత్రము పట్టదు. వెనుక చక్రము లోపలివైపు జిడ్డు కనబడినచో అదియే రోగలక్షణము. రెండవది, దుక్కిలో మలుపులకొఱకు కుడి యెడమలకు వేఱువేఱు పెడళ్ళున్నవి. రోడ్డెక్కగానే రెంటిని కలిపి కొండీ వేయవలెను. ఒక్కటే తొక్కినచో ఒక చక్రము నిలిచి, రెండవది పరుగిడి, వెనుకనుండి ట్రక్కు తోసి, బండి రోడ్డునకు అడ్డము తిరుగును. ఆ కొండీ తుప్పుపట్టి విఱిగిపోయిన బండ్లు ఊరికెన్ని యున్నవో పాఠకులే చూచుకొందురుగాక.

'మూటల' — పత్తియా, మిర్చియా యని కవి చెప్పలేదు. పత్తి కంటికి కొండ, కాటాకు తేలిక. దాని దోషము బరువు కాదు, ఎత్తును వెడల్పును. కరెంటు తీగ తగులును, గాలి పట్టును, వెనుకవచ్చువాడు డ్రైవరునకు కనబడడు. మిర్చి ఇందుకు విపర్యయము: అణకువగ కూర్చుండి నాలుగు టన్నులు తూగును. పత్తి లోడు చూచి భయపడి, మిర్చి లోడు చూచి నిర్భయముగ నుండువాడు కన్నును నమ్మినవాడేకాని కాటాను నమ్మినవాడు కాడు. 'మూటల' అనుటకు మాఱు 'మనుజుల' అను పాఠాంతరము కోతల కాలమున రోడ్లపై విరివిగ కనబడుచున్నది. అది అపపాఠము. ముకారమునకు మకారముతో యతి చెడును. ఇచ్చట పరిహాసము నాపుదము: 2020 మే 14న ప్రకాశము జిల్లా నాగులుప్పలపాడు మండలము రాపర్ల దగ్గర, మిరప పనినుండి కూలీలను తెచ్చుచున్న ట్రాక్టరు కరెంటు స్తంభమును ఢీకొనగా, తీగలు తగిలి పలువురు ప్రాణములు కోల్పోయిరి. ట్రక్కు మనుష్యులకొఱకు చేసినది కాదు.

'బ్రేకు లేదు' — ట్రక్కునకు బ్రేకు చేయించుట అసాధ్యమా? కాదు. వ్యయము. గోతాముకు పది రూపాయలు తగ్గిన బేరమును విడిచి లేచిపోవు రైతు ఈ వ్యయమును గూర్చి విననొల్లడు.

'పిన్నె సుమ్ము' — అవధారణార్థకమైన ఏకారమును, హెచ్చరికయగు 'సుమ్ము'ను ఒకేచోట కూర్చుటవలన కవికి ఈ పిన్నుపై ఎంత భయమో తెలియుచున్నది. గట్టి ఉక్కుతో చేసి, క్రింద క్లిప్పు తగిలించి వాడవలసిన దానిని పోగొట్టుకొని, స్లాబు పనిలో మిగిలిన ఇనుప ఊచను ముక్కకోసి దూర్చువారు గలరు. హుక్కు రంధ్రము అరిగి కోడిగ్రుడ్డు ఆకారము దాల్చినచో, ప్రతి గతుకునందును ట్రక్కు ఒకమారు వెనుకకు లాగి, ఒకమారు ముందుకు గ్రుద్దును. ఊచ ఎన్ని గ్రుద్దులు సహించునో ఊచకే తెలియును. పిన్ను తెగినను ట్రక్కు వదలిపోకుండ గొలుసు వేయవలెను. ఇంకొక మాట: లోడు కదలకున్నప్పుడు గొలుసును తగుచోటికంటె ఎత్తున, ఇరుసునకు పైగా, కట్టి లాగించువారున్నారు. అట్లు కట్టిన ట్రాక్టరు ముందు చక్రములు లేచి, డ్రైవరుపైకే వెనుకకు తిరుగబడును. హుక్కును తయారుచేసినవాడు దానిని క్రిందనే యుంచుటకు కారణమున్నది.

తాత్పర్యము

లాగునా యని బావ నడుగకుము. యాభై టిక్కీలు మాత్రము ఎత్తి, రాకపోకలు లేని చదును రోడ్డుపై సున్నముతో గీత గీచి, 20 కిలోమీటర్ల వేగమున వచ్చి గీతపై రెండు పెడళ్ళను కలిపి తొక్కుము. పై లెక్క ననుసరించి పది పండ్రెండు మీటర్లలో నిలువవలెను. పదునెనిమిది దాటినచో బ్రేకులు సగము పోయినవనియే యర్థము. బండి ఒక ప్రక్కకు లాగినచో అంతదూరము పోకున్నను తప్పినట్లే. అట్టి బండికి లైనర్లును ఆయిల్ సీళ్ళును మార్పించునంతవరకు టిక్కీలను లారీకెత్తుడు. కిరాయి పోవును, పోనిండు.